తుమ్ము పరీక్ష

మొన్న శనివారం నరసరావుపేట రోడ్డులో మోటారు సైకిలు మీద పోతుంటే ఏదో బడి గ్రౌండులోంచి ఈల వినబడింది. చటుక్కున బ్రేకు వేశాను. వెనకాల వస్తున్న ఆటోవాడు నా వంశం మొత్తాన్నీ తలుచుకుని పక్కనుంచి పోయాడు. నేను మాత్రం హెల్మెట్టు నెత్తిన పెట్టుకుని, నడిరోడ్డు మీద, "వస్తున్నా మాష్టారూ" అని పైకే అనేశాను.

మాష్టారు పోయి అప్పటికి ఏడు వారాలు.

నేను కుదురుగా ఉండే మనిషిని కాదు. విత్తనాల కంపెనీలో ఉద్యోగం. పొద్దున వినుకొండలో పత్తి రైతులు, మధ్యాహ్నానికి పర్చూరులో మిరప రైతులు, ఈ మధ్యలో ఎవరో ఒక డీలరు. ఎక్కడికి వెళ్లినా నేను చెప్పే మాట ఒకటే, "అలాగేనండీ." మొక్క మొలవలేదంటే అలాగేనండీ, వచ్చి చూస్తానండీ. కాయలో పురుగు పడిందంటే అలాగేనండీ, పైవాళ్లకి చెప్తానండీ. ఆ మాట అనేసి బండి స్టార్ట్ చేస్తే ఇక ఎదుటివాడి మొహం చూడక్కర్లేదు. పద్నాలుగేళ్లుగా ఇదే నా బతుకుతెరువు.

ఈ ఏడు వారాల్లో మాత్రం ఆ మాట నోట్లోంచి సరిగ్గా రావడం లేదు. ఇంట్లో ఉంటే బయటికి పోవాలనిపిస్తుంది, బయటికి పోతే ఇంటికి రావాలనిపిస్తుంది. కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నానని మా ఆవిడే అంది. ఆ ఈల విన్న శనివారం ఇక ముందుకి పోలేక, యాభైమంది రైతులు ఎదురుచూస్తున్న మీటింగుకి ఎగనామం పెట్టి, బండి వెనక్కి తిప్పాను. ఎందుకో చెప్పాలంటే ముందు మాష్టారి గురించి చెప్పాలి.

చిలకలూరిపేటలో మేం అద్దెకుండేది వాళ్ల మేడ మీద. కింద మాష్టారు, టీచరుగారు. ఇద్దరూ రిటైరయిన పంతుళ్లే. ఆయన హైస్కూల్లో డ్రిల్లు మాష్టారు, ఆవిడ మిషను ఎలిమెంటరీ బడిలో టీచరు. ఒక్కతే కూతురు, ఒంగోల్లో నర్సు. మాష్టారు భార్యని పేరుపెట్టి పిలవగా నేనెప్పుడూ వినలేదు. "టీచర్, మంచినీళ్లు." "టీచర్, నీ కళ్లద్దాలు ఇక్కడున్నాయి." ఊరందరికీ ఆవిడ ఏమిటో ఆయనకీ అదే.

ఇంటి ముందు రేకుల షెడ్డు. దాంట్లో కారు. ఒకప్పుడు తెల్లది. ఇరవై రెండేళ్లు నడిచింది, ఆ మోడలు కంపెనీవాడే మర్చిపోయి చాలా కాలమైంది. ఆ బండి మీద మాష్టారు తప్ప ఇంకో మనిషి చెయ్యి పడేది కాదు. ప్లగ్గులు ఆయనే గీకేవారు, ఆయిలు ఆయనే మార్చేవారు, బ్రేకులు ఆయనే విప్పి బిగించేవారు. కిందకి దూరేటప్పుడు పాత గోనెసంచి పరుచుకునేవారు. డెబ్బై ఒకటో ఏట ఆ మనిషి బండి కిందనుంచి బయటికొచ్చే తీరు చూసి తీరాల్సిందే. ముందు రెండు కాళ్లు, తర్వాత పొట్ట, చివరికి మెడలో వేలాడుతున్న ఈల, దాని వెనక మొహం. రిటైరయినా ఈల మాత్రం వదల్లేదు.

పని మొదలుపెట్టే ముందు స్పానర్లన్నీ పాత దుప్పటి మీద పరిచేవారు. పొట్టిది ముందు, పొడుగుది వెనక, అసెంబ్లీలో పిల్లల్లాగా. ఒకటి తీస్తే వాడినాక మళ్లీ దాని చోట అది నిలబడాల్సిందే. తిరగని బోల్టుని ఆయన ఎప్పుడూ కొట్టేవారు కాదు. నాలుగు చుక్కలు నూనె పోసి, "నీకివాళ మూడ్ లేదు, రేపు మాట్లాడుకుందాం" అనేవారు. నిజంగానే మర్నాడు వచ్చి మాట్లాడేవారు. నాకైతే చూస్తుంటేనే చేతులు దురదపెట్టేవి. సుత్తి పుచ్చుకుని రెండు వేస్తే పోయేదానికి రెండు రోజులా! బండి ఆపగానే బ్యాటరీ వైరు ఒకటి ఊడదీసి పక్కన పెట్టడం ఇంకో అలవాటు. "పనిలేనప్పుడు కరెంటెందుకయ్యా దానికి, పడుకోనీ" అనేవారు. మళ్లీ తీసేటప్పుడు ఆ వైరు బిగించుకోవాలి. ఎంత తొందరున్నా అంతే.

ఇదంతా ఓ ఎత్తు. శనివారం ఒక్కటీ ఓ ఎత్తు.

శనివారం ఎనిమిదింటికి డ్యాష్ బోర్డు విప్పేవారు. ఎడమపక్క కాళ్ల దగ్గర గాలి తోలే ఫ్యాను ఒకటుంటుంది, బ్లోయరంటారు. దాన్ని ఊడదీసి దుప్పటి మీద పెట్టి, దాని రెక్క ఒక్కొక్కటీ తడిగుడ్డతో తుడిచేవారు. గాలి వచ్చే గొట్టాలన్నిటికీ సైకిలు పంపు పెట్టి ఇటునుంచి అటు, అటునుంచి ఇటు కొట్టేవారు. సీటు కవర్లు విప్పి దండెం మీద ఆరేసేవారు. మళ్లీ అన్నీ బిగించేసరికి పదిన్నర. అప్పుడు ఈల వేసేవారు.

ఆ ఈల నాకే.

"ఏవయ్యా, ఒక్క నిమిషం దిగు. కూర్చో."

ముందు సీట్లో కూర్చోబెట్టి, నాలుగు అద్దాలూ ఎత్తేసి, ఫ్యాను నాలుగో నంబరులో పెట్టి, తను తలుపు బయట నిలబడి అద్దంలోంచి నా ముక్కు వంక చూసేవారు. రెండు నిమిషాలు. చేతికున్న గడియారం చూసి లెక్కపెట్టి మరీ. మొదటిసారి నాకు భయమేసింది, ఈయనకి మతి గాని తప్పిందా అని. లోపల ఉడికిపోతున్నాను. ముక్కులో ఎక్కడో సన్నగా ఘాటు తగిలింది. హాచ్!

మాష్టారి మొహం వాడిపోయింది. తలుపు తీసి, "ఒకటేనా? రెండా?" అన్నారు.

"ఒకటేనండీ."

"సరే. వచ్చేవారం చూద్దాం."

మా ఇళ్లల్లో బయల్దేరేటప్పుడు ఎవరన్నా తుమ్మితే ఆగి, కాసిన్ని నీళ్లు తాగి, కాసేపు కూర్చుని వెళతాం. ఒంటి తుమ్మైతే మరీ చెడ్డది. ఈయనేమో తుమ్ముతానా లేదా అని మనిషిని పట్టుకొచ్చి కూర్చోబెడుతున్నారు! నేను దొరక్కపోతే ఇంకెవరినైనా పట్టుకునేవారు. పాలాయన శనివారం పాలు గేటుకి తగిలించి పారిపోయేవాడు. ప్రార్థనకొచ్చిన పాస్టరుగారు కూడా తప్పించుకోలేకపోయేవారు. "మీ ముక్కుతోనే చూసుకోవచ్చు కదండీ" అని నేను ఒకసారి విసుక్కుంటే, "నా ముక్కు పనికిరాదయ్యా. మిరపచేల్లో పుట్టిన ముక్కు, అది ఎప్పుడో చచ్చిపోయింది" అన్నారు. ఆ ముక్క అర్థం కావడానికి నాకు ఏడాది పట్టింది.

ఒక శనివారం ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. కూర్చున్నానంటే, లేచి వెళ్లిపోవడానికి సాకు వెతుక్కుంటున్నానన్నమాట. అప్పుడు చూశాను. పాత పచ్చడి సీసా ఒకటి, అడుగున గుప్పెడు మిరపగింజలు. మాష్టారు గొట్టంలోంచి పుల్లతో ఏదో లాగి, అరచేతిలో పెట్టుకుని, వెలుతురులో చూసి, ఆ సీసాలో వేశారు. ఒక్క గింజ.

"విత్తనాలకా మాష్టారూ?" అన్నాను. నా బుద్ధి విత్తనాల దగ్గరే ఆగుతుంది కదా.

ఆయన నవ్వలేదు. చేతిలో పని ఆపకుండానే చెప్పారు. ఆ మనిషి మాట్లాడుతూ చేతులు ఆపడం అప్పటిదాకా నేనెన్నడూ చూడలేదు.

"మా నాన్నిచ్చిన చేను ఎకరన్నర ఉందయ్యా. ఆ ఏడు మిరపేశాను. మూడో కోత కాయ కల్లంలో ఆరబోశా. ఎండి గలగలలాడతంది. తెల్లారి గోతాల్లోకి ఎత్తుదామనుకుంటే, మధ్యాహ్నం మూడింటికి కొండవీడు కొండల మీద నల్లగా మబ్బు పట్టింది. గోతాల్లేవు. ఉన్న పట్టలు పక్క కల్లం వాళ్లు తీసుకుపోయారు. ట్రాక్టరు లేదు. ఉన్నదల్లా ఈ బండి."

"అయితే?"

"అయితే ఏముంది. నాలుగు తలుపులూ తీసి చేటతో ఎత్తిపోశా. వెనక సీట్లో అద్దాల దాకా, డిక్కీ నిండా, ముందు సీట్లో కూడా."

"విడికాయా? బస్తాలేం లేకుండా?"

"విడికాయే. సగం పోసేసరికి వాన దిగింది. మిగతా సగం తడిసిపోయింది. అక్కడితో ఆగినా బాగుండేది." పుల్ల ఇంకాస్త లోపలికి పోనిచ్చారు. "అద్దాలు మూస్తే కాయకి చెమట పట్టుద్ది. చెమట పడితే రంగు పోయి తాలైపోద్ది. అందుకని ఇంజను ఆన్ చేసి ఫ్యాను ఫుల్లుగా పెట్టా. గంటన్నరసేపు. నేను బయట తడుస్తా నిలబడ్డా. లోపల ఎర్రగా, పొడిగా కాయ. ఏం తెలివిరా నాది అనుకున్నా, చూడు!"

నేను నవ్వబోయి ఆగాను. గంటన్నరసేపు మిరప దుమ్మంతా ఆ ఫ్యాను పీల్చి గొట్టాల్లోకి తోసింది. అది ఆయనకి నాలుగు రోజుల తర్వాత గానీ తెలియలేదు.

టీచరుగారికి చిన్నప్పటినుంచీ ఆయాసం. గుంటూరులో పెళ్లికి ఇద్దరూ బయల్దేరారు. సీట్లు కడిగారు, చాపలు దులిపారు, బండి తళతళలాడుతోంది. యడ్లపాడు దాటాక ఉక్కగా ఉందని ఆవిడంటే అద్దాలెత్తి ఏసీ వేశారు. "నాకు తుమ్ము రాలేదయ్యా. కళ్లు మండలేదు. నాకేం తెలవలేదు. ఏంది మాట్లాడటంలేదని పక్కకి చూసేసరికి టీచరు నోరు తెరుచుకుని, గొంతు పట్టుకుని..." అక్కడ ఆయన మాట ఆగింది, చేతులు ఆగలేదు. "రోడ్డు పక్కన దించా. ఎవరో బస్సాపారు. మళ్లీ నా బండి తలుపు తీస్తే, 'నన్ను దాంట్లో ఎక్కించకండి' అంది. అదొక్కటే మాట. బస్సు ముందు, ఖాళీ బండేసుకుని నేను వెనక. ఎనిమిది రోజులు ఆసుపత్రిలో ఉంది."

ఆ తర్వాత ఆవిడ ఆ కారు ఎక్కలేదు. నాతో ఈ సంగతి చెప్పేనాటికి నాలుగేళ్లు. పోయేనాటికి తొమ్మిదేళ్లు. మిరప మాత్రం ఆయన మళ్లీ వెయ్యలేదు, చేను కౌలుకిచ్చేశారు.

"ఎక్కమని మీరే అడగొచ్చు కదండీ" అన్నాను.

"చంపబోయినోణ్ని. రమ్మని ఏ మొహం పెట్టుకుని పిలుస్తా? ముందు బండి బాగవ్వాలి. తర్వాత తనంతట తనే ఎక్కాలి" అని ఈల తీసి వేశారు. నేను పక్కనే కూర్చునుంటే నాకే ఈల! లేచి వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాను. ఆ రోజు తుమ్ము వస్తుందేమోనని నిజంగా భయపడ్డాను. వచ్చింది. రెండు.

వాళ్లిద్దరినీ ఆదివారం నాడు చూడాలి. తొమ్మిదింపావుకి టీచరుగారు తెల్లచీర కట్టుకుని, చంకలో బైబిలు, చేతిలో గొడుగుతో గేటు దాటేవారు. చర్చి దగ్గరేం కాదు, కిలోమీటరు పైనే. ఆవిడ పది అడుగులు వేశాక కారు గేటు దాటేది. ఫస్టు గేరులో. ఆవిడ ముందు, కారు వెనక. ఆవిడ ఆయాసమొచ్చి ఆగితే కారూ ఆగేది. ఆవిడ నడిస్తే కారూ కదిలేది. బజారంతా చూసేది. సోడా బండాయన "పెళ్లికూతురు ఊరేగింపు" అని ఎగతాళి చేసేవాడు. వెనక లారీలవాళ్లు హారన్లు కొట్టి చంపేవాళ్లు. మాష్టారు చెయ్యి బయటపెట్టి, పక్కనుంచి పొమ్మని సైగ చేసేవారు, అచ్చం గ్రౌండులో చేసినట్టే. ఆవిడ ఒక్కసారి కూడా వెనక్కి తిరిగేవారు కాదు. ఆ నడకతో క్లచ్చు ప్లేటు ఏడాదిన్నరకే అరిగిపోయేది. ఆయన కింద గోనెసంచి పరుచుకుని కొత్తది వేసుకునేవారు.

నాకు ఒళ్లు మండేది. ఇంట్లో ఒకే కంచం దగ్గర కూర్చుని తింటారు, ఒకరి కళ్లల్లో ఇంకొకరు చుక్కలమందు వేసుకుంటారు, ఈ ఒక్క సంగతి దగ్గర మాత్రం ఇద్దరికీ నోళ్లు పెగలవు. నేనైతే ఆ మొదటి ఆదివారమే ఎక్కుతావా చస్తావా అని అరిచి ఉందును. అరిచి ఉందునని ఇప్పటిదాకా అనుకుంటూ వచ్చాను. నా సంగతీ చెప్తాను, వినండి.

చర్చిలో కోత పండుగ. తెలియనివాళ్లకి చెప్పాలంటే, ఆ ఆదివారం అందరూ తమ పంటలో మొదటిది తెచ్చి బలిపీఠం ముందు పెడతారు. గుమ్మడికాయలు, వడ్లు, పత్తి, అరటిగెలలు. ఆరాధన అయ్యాక పాట పెట్టి వేలం వేస్తారు. దానికి రెండు రోజుల ముందు, శుక్రవారం పొద్దున, నేను వినుకొండకి బయల్దేరుతుంటే మాష్టారు గేటు దగ్గర ఆపారు. శనివారం కాదు, మెడలో ఈల ఉంది గానీ వెయ్యలేదు.

"ఏవయ్యా, తొందరా?"

"అవునండీ, కాయలో గులాబి పురుగు పడిందంట, రైతులు గొడవ చేస్తున్నారు."

"ఒక్క మాట. ఎనిమిది వారాలైంది. గొట్టాల్లో ఒక్క గింజ దొరకలేదు. నువ్వూ తుమ్మలేదు, పాలాయనా తుమ్మలేదు."

"అవునండీ, బాగుంది బండి." నా బండి స్టార్టయ్యే ఉంది.

"ఆదివారం కోత పండక్కి టీచరు ఎక్కితే బాగుండు." ఆయన మొదటిసారి చేతులు రెండూ ఊరికే వదిలేసి నిలబడ్డారు. ఏ గుడ్డా లేదు, స్పానరూ లేదు. "నేను చెప్తే నమ్మదు. నువ్వు చెప్పు. నీ ముక్కుతో చూశావు కదా. లోపల ఏం లేదు, ఎక్కమని మాష్టారు అడగమన్నారని చెప్పు. చెప్తావా?"

"అలాగేనండీ" అన్నాను.

అని వెళ్లిపోయాను. శుక్రవారం వచ్చేసరికి ఆవిడ పడుకున్నారు. శనివారం పగలంతా ఊళ్లో లేను, మాష్టారి ఈలకీ దొరకలేదు. అబద్ధమెందుకు, శనివారం సాయంత్రం ఆవిడ వరండాలో బియ్యం ఏరుకుంటుంటే చూశాను. ఆగి చెప్పొచ్చు. రెండు ముక్కలే. మొగుడూ పెళ్లాల మధ్య మనమేంటి అనిపించింది, ఆవిడ ఏమంటారోననిపించింది, రేపు పొద్దున చెప్దాంలే అనుకుని మెట్లెక్కేశాను.

ఆదివారం తొమ్మిదింటికి బాల్కనీలో పళ్లు తోముకుంటున్నాను. మాష్టారు షెడ్డులోంచి తలెత్తి నా వంక చూశారు. ఇస్త్రీ చొక్కా, తలకి నూనె. కనుబొమలెత్తారు, చెప్పావా అన్నట్టు. నోటినిండా పేస్టు. నేను తల ఊపాను. పలకరింపుకి ఊపానో, చెప్తానని ఊపానో, ఏమని ఊపానో నాకే తెలియదు. ఆయన మాత్రం చెప్పాననే అనుకున్నారు. మొహం వెలిగిపోయింది.

కారు గేటు బయట పెట్టి, దిగి, ఎడమవైపు ముందు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డారు. టీచరుగారు గొడుగు పట్టుకుని వచ్చారు. తలుపు వంక ఒకసారి చూశారు. ఆయన వంక చూశారు. నడుచుకుంటూ వెళ్లిపోయారు.

మాష్టారు కాసేపు అలాగే నిలబడ్డారు. తర్వాత తలుపు చప్పుడు కాకుండా వేశారు. ఎక్కారు. ఫస్టు గేరులో వెనకాలే వెళ్లారు. నేను పేస్టు నోట్లో పెట్టుకుని పైనుంచి చూస్తూనే ఉన్నాను. పరిగెత్తుకుని కిందికి దిగితే అందుకునేవాణ్నే. దిగలేదు.

మంగళవారం పదకొండింటికి షెడ్డులో స్టూలు మీద కూర్చుని చెమటలు పడుతున్నాయన్నారట. గుండెపోటు. బండి ఉంది, నడిపేవాళ్లు లేరు. అంబులెన్సు వచ్చేసరికే అయిపోయింది. నేను వినుకొండలో ఎవరికో అలాగేనండీ అని చెబుతున్నాను. సమాధుల తోటకి కూడా టీచరుగారు నడిచే వెళ్లారు. ఆ రోజు ఆవిడ వెనకాల కారు లేదు.

ఇదీ ఏడు వారాలుగా నన్ను తినేస్తున్నది. చెప్పకపోవడం ఒక్కటే అయితే ఎలాగో సర్దుకునేవాణ్నేమో. ఆయన నేను చెప్పాననుకున్నారు. చెప్పినా ఆవిడ ఎక్కలేదనుకున్నారు. అదే మనసులో పెట్టుకుని పోయారు. ఈ మాట నాకు తప్ప లోకంలో ఎవరికీ తెలియదు.

ఇక మొన్న శనివారం. ఈల విని వెనక్కి తిరిగి ఇంటికొచ్చేసరికి టీచరుగారు షెడ్డులో ఉన్నారు, ఆయన స్టూలు మీదే. మిరప కోతల కాలం, ఊళ్లోంచి కాయ లారీలు పోతుంటాయి, గాలిలోనే ఘాటు. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, దుప్పటి మీద స్పానర్లు పేరుస్తున్నారు. పొట్టిది ముందు, పొడుగుది వెనక.

"ఏం బాబూ, ఇయ్యాల ఊళ్లు తిరగలేదా?"

"లేదండీ."

"మంచిదే. బండి కొనేవాళ్లు సోమవారం చూడ్డానికి వస్తారంట. మా అమ్మాయి ఫోను చేసింది, వాళ్ల నంబరు నీకు పంపానంది. స్టార్టవుద్దేమో చూడు."

పది నంబరు స్పానరు తీసుకుని బ్యాటరీ వైరు బిగించాను. ఎక్కి కూర్చుని తాళం తిప్పితే, ఏడు వారాలు పడుకున్న బండి, ఒక్క తిప్పుకే లేచింది. అద్దానికి ఆయన ఈల వేలాడుతోంది. టీచరుగారు ఆ చప్పుడు వింటూ కూర్చున్నారు.

"తొమ్మిదేళ్లు కడిగారు దీన్ని" అన్నారు. "ఒక్కసారన్నా ఎక్కు అనలేదు."

"అంటే ఎక్కేవారా అండీ?"

"మొదట్లో చచ్చినా ఎక్కేదాన్ని కాదు. భయం. తర్వాత కోపం. తర్వాత భయమూ పోయింది, కోపమూ పోయింది. నడక మిగిలింది. ఎవరో ఒకరు ముందు నోరు తెరవాలి గదా. ఆయన అడగలేదు, నేను అనలేదు."

ఇంజను ఆపేశాను. ఇంకో నిమిషం ఆగితే మళ్లీ మేడ మీదికి పారిపోతానని నాకు తెలుసు.

"అడిగారండీ" అన్నాను. "నాతో అడగమన్నారు. లోపల ఏమీ లేదు, టీచర్ని ఎక్కమను అన్నారు. నేనే చెప్పలేదు."

ఆవిడ నా వంక చూశారు. "ఎప్పుడు?"

"కోత పండక్కి ముందు శుక్రవారం. ఆదివారం నేను చెప్పేశాననుకున్నారు."

ఆవిడ అరుస్తారనుకున్నాను. అరిచినా బాగుండేది. చేతిలో ఉన్న స్పానరుని దాని చోట పెట్టారు.

"అందుకా ఆ రోజు తలుపు తీసుకుని నిలబడింది" అన్నారు. "నేను తలుపు తుడుస్తున్నారేమో అనుకున్నా."

నాకు ఏడుపొచ్చింది. ఆవిడకి రాలేదు. లేచారు. సంచిలోంచి పీల్చే మందు తీసి గుప్పిట్లో పట్టుకున్నారు. ఎడమవైపు ముందు తలుపు తీసుకుని ఎక్కి కూర్చున్నారు. చీర కుచ్చిళ్లు లోపలికి లాక్కుని తలుపు వేశారు.

"అద్దాలెత్తు" అన్నారు.

"టీచరుగారూ, వద్దండీ, ఒకవేళ..."

"ఎత్తు. ఫ్యాను నాలుగులో పెట్టు."

ఎత్తాను. మళ్లీ తాళం తిప్పి పెట్టాను. బయటి గాలి రాకుండా మీట మూశాను. ఆవిడ కొంగు ముక్కు మీదనుంచి తీసేశారు. కళ్లు మూసుకుని ఊపిరి లోపలికి తీసుకున్నారు. నేను ఆవిడ ముక్కు వంకే చూస్తున్నాను, మాష్టారు చూసినట్టు. గడియారం వంక చూశాను. రెండు నిమిషాలు. మూడు. ఆవిడ గుండెలు పైకీ కిందికీ నెమ్మదిగా కదులుతున్నాయి, అంతే. గుప్పిట్లో మందు అలాగే ఉంది.

"బయటకంటే ఇక్కడే హాయిగా ఉంది" అన్నారు. ఇంకాసేపు కూర్చుని, "ఒక్క తుమ్మన్నా రాలేదు కదయ్యా" అన్నారు. అప్పుడు ఏడ్చారు.

ఏడవనిచ్చాను. మొదటిసారి నాకు లేచి పోవాలనిపించలేదు.

"చర్చి దాకా పోనీ" అన్నారు కళ్లు తుడుచుకుని.

గేటు దాటించి రెండో గేరు వెయ్యబోయాను. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టారు. "వద్దు. ఫస్టులోనే పోనీ."

ఫస్టులోనే పోనిచ్చాను. వెనక లారీలవాళ్లు హారన్లు కొడుతున్నారు. సోడా బండాయన చేతిలో సీసా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏ ఎగతాళీ చెయ్యలేదు. మనిషి నడిచేంత నెమ్మదిగా, కిలోమీటరు పైన. క్లచ్చు వాసన వస్తోంది. చర్చి గేటు దగ్గర ఆపాను.

ఆవిడ దిగలేదు. ముందుకి చూస్తూ అన్నారు.

"సోమవారం వచ్చేవాళ్లకి చెప్పు, బండి అమ్మడం లేదని."

"అలాగేనండీ" అన్నాను.

"అలాగే కాదు. ఫోను తియ్యి. ఇప్పుడే, నా ముందర చెప్పు."

ఫోను తీశాను. నంబరు నొక్కి, అవతల ఎత్తేదాకా ఆగి, చెప్పాను.